మైలేజీ మాయలో బ్రేకులు పోగొట్టుకోవద్దు

వేసవి సెలవులొచ్చాయి. తిరుమలకో, శ్రీశైలానికో, అరకుకో ఇంటిల్లిపాదీ ఏడు సీట్ల బండిలో బయలుదేరే రోజులివి. స్టీరింగు పట్టేవారు బయలుదేరే ముందే ఒక మాట వినాలి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బండిని న్యూట్రల్‌లో వేయకండి. ఇంజను ఆపేసి దొర్లించకండి. అలా చేస్తే పెట్రోలు మిగులుతుందన్నది ఒట్టి భ్రమ. బ్రేకులు పోవడం మాత్రం భ్రమ కాదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్పాలంటే, లీటరు పెట్రోలు వంద రూపాయలు దాటి చాలా కాలమైంది. షోరూంలో పద్దెనిమిది ఇస్తుందని చెప్పిన ఎస్‌యూవీ ఊళ్ళో పది, పదకొండు దగ్గరే ఆగిపోతోంది. ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగే ఇంట్లో మైలేజీ 14 నుంచి 11కు పడిపోతే 230 లీటర్లకు పైగా అదనంగా కొనాలి. అంటే పాతికవేల దాకా చిలుము వదులుతుంది. అందుకే మైలేజీ పెంచే చిట్కాలకు ఎక్కడలేని గిరాకీ. వాట్సాప్‌లో ఒకరు, షెడ్డులో ఒకరు, పెళ్ళి భోజనాల దగ్గర ఇంకొకరు తలా ఒకటి చెబుతారు. వాటిలో కొన్నిటివల్ల డబ్బు మాత్రమే పోతుంది. కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. అసలు చిత్రమేమిటంటే, బండి ఎక్కువ తాగడానికి కారణమయ్యేవే చాలా వరకు ప్రమాదానికీ కారణాలు. ఆ కారణాన్ని సరిచేస్తే రెండూ తగ్గుతాయి. కారణాన్ని వదిలేసి చిట్కా పట్టుకుంటే ఖర్చు తగ్గదు సరికదా, ప్రమాదం పెరుగుతుంది.

న్యూట్రల్ సలహా అంబాసిడర్ల కాలం నాటిది. కార్బురేటర్ బండ్లలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా ఇంజను కొంత పెట్రోలు పీలుస్తూనే ఉండేది. కాబట్టి పల్లంలో న్యూట్రల్ కొడితే నాలుగు చుక్కలు మిగిలేవేమో. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లకు ఆ లెక్క వర్తించదు. గేరులో ఉండగా కాలు తీస్తే కంప్యూటరు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. దొర్లుతున్న చక్రాలే ఇంజనును తిప్పుతుంటాయి. ఆ క్షణాన ఖర్చు సున్నా. న్యూట్రల్ వేశారా, చక్రాలకూ ఇంజనుకూ సంబంధం తెగిపోతుంది. ఇంజను ఆగిపోకుండా ఉండాలంటే కంప్యూటరు మళ్ళీ ఇంధనం పోయాల్సిందే. అంటే పొదుపు కోసం చేసిన పనే ఖర్చు పెంచుతోంది.

అది చిన్న నష్టం. పెద్దది బ్రేకుల దగ్గర ఉంది. అరకు నుంచి అనంతగిరి మీదుగా ఎస్.కోట వైపు దిగే దారిలో బండి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు కోల్పోతుంది. మనుషులు, సామాన్లతో కలిపి రెండు టన్నులుండే బండి అంత ఎత్తు దిగితే పుట్టే శక్తి ఎక్కడికో పోవాలి. గేరులో ఉంటే ఇంజను, గాలి చెరికొంత తీసుకుంటాయి. న్యూట్రల్‌లో ఉంటే దాదాపు భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఆ వేడి ఎంతో తెలుసా? అరవై లీటర్ల చన్నీళ్ళను మరిగించడానికి సరిపోయేంత. దాన్ని మోయాల్సింది నాలుగు చక్రాల దగ్గరున్న కాసిన్ని లోహపు పళ్ళేలు, ప్యాడ్లు. ముందు ప్యాడ్లు పట్టు కోల్పోతాయి. తర్వాత బ్రేకు ఆయిల్ వంతు. అది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు. ఏళ్ళ తరబడి మార్చక నీరు చేరితే ఆ గీత 155 డిగ్రీల దగ్గరికి జారిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరతాయి. అప్పుడు పెడల్ మెత్తగా నేలకు అంటుకుపోతుంది గానీ బండి ఆగదు. ఎదురుగా హెయిర్‌పిన్ మలుపు ఉంటుంది.

ఇంజనే ఆపేసి దొర్లించేవారి సంగతి ఇంకా ఘోరం. ఇంజను ఆగితే బ్రేకుకు సాయపడే బూస్టరులో మిగిలేది రెండు మూడు తొక్కులకు సరిపడా బలమే. ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది. పొరపాటున తాళం పూర్తిగా తిప్పితే స్టీరింగు లాక్ పడే బండ్లూ ఉన్నాయి.

కాబట్టి ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. ఆటోమేటిక్ అయితే డి లో వదిలేయకుండా మాన్యువల్ మోడ్‌లోకో, ఎల్ లోకో మార్చి ఇంజను చేత పట్టించండి. ఇంజను గట్టిగా అరుస్తోందని కంగారు పడనక్కర్లేదు. ముల్లు ఎర్రగీత దాటనంత వరకు దానికేమీ కాదు, పైగా అప్పుడది చుక్క పెట్రోలు తాగడం లేదు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచడం కాదు, మలుపుకు ముందే గట్టిగా నొక్కి వేగం తగ్గించి వదిలేయాలి. కాలిన వాసన వస్తే వెడల్పున్న చోట పక్కకు తీసి అరగంట ఆగండి. మండుతున్న డిస్కుల మీద నీళ్ళు గుమ్మరించొద్దు, పగిలే ప్రమాదం ఉంది. కొండ దిగడానికి కనీసం ఇంత సమయం తీసుకోవాలని తిరుమల ఘాట్‌లో నిబంధన పెట్టింది ఊరికే కాదు. దాన్ని పోలీసుల చాదస్తమని విసుక్కునేవారు మలుపుల దగ్గర వంగిపోయిన రెయిలింగుల వైపు ఒకసారి చూడాలి.

ఇక షోరూం అంకె సంగతి. ప్రకటనల్లో కనిపించే మైలేజీ అబద్ధం కాదు, కానీ అది మన రోడ్డు మీద పుట్టింది కాదు. గదిలో రోలర్ల మీద బండిని నిలిపి, ఏసీ ఆపి, సుమారు ఇరవై నిమిషాల పాటు నిర్ణయించిన లెక్క ప్రకారం నడిపి కొలుస్తారు. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. అందులో అమీర్‌పేట ట్రాఫిక్కూ లేదు, బెజవాడ ఎండా లేదు, వెనక సీటులో ముగ్గురు పిల్లలూ లేరు. ఒక బండిని మరో బండితో పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. ఇంటి ఖర్చు లెక్కకు పనికిరాదు. దాన్ని అందుకోవాలన్న పట్టుదలే జనాన్ని ప్రమాదకరమైన చిట్కాల వైపు నెడుతోంది.

నిజంగా తగ్గించగలిగింది వేగం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023లో వేగపరిమితిని 100 నుంచి 120కి పెంచారు. పరిమితి పెరిగినంత మాత్రాన అంత వేగంగా వెళ్ళి తీరాలని ఎవరూ శాసించలేదు. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. ఎనభై మీద ఎంత ఉందో నూట ఇరవై మీద దానికి రెండుంబావు రెట్లు. ఎత్తుగా, వెడల్పుగా గోడలా ఉండే ఎస్‌యూవీకి ఈ దెబ్బ చిన్న కారు కంటే ఎక్కువ తగులుతుంది. సరిగ్గా అదే వర్గం లెక్క బ్రేకుకూ వర్తిస్తుంది. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉండి పూర్తిగా బ్రేకు కొడితే ఎనభై మీద సుమారు 35 మీటర్లలో ఆగే బండి నూట ఇరవై మీద 80 మీటర్ల దాకా పోతుంది. కాలు బ్రేకు మీదికి వెళ్ళేలోపు దాటిపోయే దూరం దీనికి అదనం. ఇంతా చేసి యాభై కిలోమీటర్లకు మిగిలేది పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాలూ టోల్ గేటు దగ్గరో, టీ దగ్గరో పోతాయి.

పైన క్యారియర్ మీద సూట్‌కేసులు కట్టి, పట్టా కప్పి బయలుదేరేవారికి ఇంకో లెక్క. అమెరికా ప్రభుత్వ పరీక్షల ప్రకారం పెద్ద టాప్ బాక్సు పెడితే హైవే మీద వంద దాటిన వేగాల్లో మైలేజీ పది నుంచి పాతిక శాతం దాకా పడిపోతుంది. నగరంలో ఆ నష్టం ఎనిమిది శాతం మించదు. అంటే తినేది బరువు కంటే ఎక్కువగా గాలి. బరువు పైకెక్కితే మలుపులో బండి పక్కకు ఒరిగే గుణమూ పెరుగుతుంది. అసలే ఎత్తయిన బండి. సామాను లోపల, నేలకు దగ్గరగా పెట్టండి. పట్టకపోతే సామాను తగ్గించండి. ఏడు సీట్ల బండిలో తొమ్మిది మందిని కూర్చోబెట్టి, తిరుపతి దాకానే కదా అనుకునేవారికి చెప్పడానికి మర్యాదైన మాట దొరకడం లేదు.

టైర్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. గాలి తక్కువున్న టైరు నేలకు అణిగి, ప్రతి చుట్టులోనూ నలుగుతుంది. నలిగినప్పుడల్లా వేడెక్కుతుంది. మైలేజీలో దానివల్ల పోయేది తక్కువే, ఒక పీఎస్ఐ తగ్గితే సగటున 0.2 శాతం. అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ వేడే ప్రాణాంతకం. రామగుండంలోనో, రెంటచింతలలోనో నలభై అయిదు డిగ్రీల ఎండ, సెగలు కక్కే తారురోడ్డు, నిండా జనం, గంటకు వంద వేగం. ఇవన్నీ కలిసినప్పుడు గాలి తక్కువున్న టైరు పక్క గోడ లోపల తీగలు విడిపోతాయి. అప్పుడు పేలుతుంది. ఎండకు గాలి ఎక్కువై టైరు పేలుతుందని మనవాళ్ళలో బలమైన నమ్మకం. అందుకే వేసవిలో కావాలని నాలుగు పాయింట్లు తగ్గించి కొట్టించుకుంటారు. ఇది సరిగ్గా తిరగబడ్డ సలహా. నడుస్తుంటే ఒత్తిడి కొంత పెరుగుతుందని బండి తయారుచేసేవారికి తెలుసు, అది లెక్కలో పెట్టే అంకె ఇచ్చారు. తగ్గించి కొట్టిస్తే వేడి ఇంకా పెరుగుతుంది.

దీనికి వ్యతిరేకమైన జబ్బు కూడా ఉంది. మైలేజీ కోసం 33 చాలన్న చోట 42 కొట్టించడం. టైరు రాయిలా గట్టిపడి సులువుగా దొర్లుతుంది, నిజమే. కానీ నేలను అంటే భాగం తగ్గిపోతుంది. తొలకరి చినుకుకు నూనె తేలిన రోడ్డు మీద బ్రేకు కొట్టినప్పుడు ఆ తగ్గిన భాగం విలువ తెలుస్తుంది.

ఎంత కొట్టించాలో పంక్చర్ షాపు అబ్బాయిని అడగొద్దు. డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన స్తంభం మీద చీటీ అతికించి ఉంటుంది. చాలా బండ్లలో ఇద్దరు ముగ్గురు ఎక్కినప్పుడు ఒక అంకె, నిండా ఎక్కినప్పుడు వెనక టైర్లకు ఇంకో అంకె ఉంటాయి. ఊరెళ్ళేటప్పుడు చూడాల్సింది రెండోది. గాలి తెల్లవారుజామునే, టైరు చల్లగా ఉండగా చూడాలి. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు మారితే ఒక పీఎస్ఐ మారిపోతుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం వంద కిలోమీటర్లు నడిపి వచ్చి చూసే అంకెకు అర్థం లేదు. నైట్రోజన్ కొట్టిస్తే మైలేజీ పెరుగుతుందని డబ్బు తీసుకుంటారు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. స్టెప్నీలో గాలి ఉందో లేదో కూడా ఆ పూటే చూసుకోండి.

పార్కింగులో ఏసీ వేసుకుని నిద్రపోయే అలవాటు ఇంకొకటి. నిలబడ్డ బండి ఇంజను పరిమాణాన్ని బట్టి, ఏసీని బట్టి గంటకు దాదాపు ఒకటి నుంచి రెండు లీటర్ల దాకా కాల్చేస్తుంది. ఇది ఖర్చు. సైలెన్సరు ఎక్కడైనా చిల్లు పడి ఉంటే, లేదా మూసిన గ్యారేజీలో, గోడ దగ్గరగా నిలిపి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రపోతున్నవారు లేవరు. పిల్లలను లోపల పడుకోబెట్టి, ఇంజను ఆన్‌లో ఉంచి దర్శనం క్యూలోకి వెళ్ళకండి.

ఈ మధ్య ప్రతి మైలేజీ నష్టానికీ ఇథనాలే కారణమని ఒక మాట ప్రచారంలో ఉంది. అందులో నిజం కొంతే. ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండు వంతులు. ఇరవై శాతం కలిపితే మైలేజీ కొంత తగ్గాల్సిందే. పాత పెట్రోలుకు తయారై, పది శాతం మిశ్రమానికి సర్దిన కార్లలో ఆరేడు శాతం, ఇరవై శాతానికి సర్దిన కార్లలో ఒకటి రెండు శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే అంచనా ఉంది. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖ కూడా 2025లో చెప్పింది. జనానికి బంకులో ఏ పెట్రోలు కావాలో ఎంచుకునే వీలు లేకుండా చేసి, తగ్గేది చాలా స్వల్పమని సర్దిచెప్పడం సబబు కాదని మా అభిప్రాయం. అయితే ఈ కోపంలో ఒక లెక్క మరిచిపోకూడదు. పద్నాలుగు ఇచ్చే బండి పదమూడుకు వస్తే ఇథనాల్‌ను తిట్టుకోవచ్చు. నెల రోజుల్లో పదికి పడిపోతే అది ఇథనాల్ పని కాదు. బండిలో ఏదో చెడింది.

ఉన్నట్టుండి మైలేజీ పడిపోవడాన్ని ఖర్చు కింద రాసుకుని ఊరుకోకండి. అది రోగ లక్షణం. మొదట చూడాల్సింది లీకు. తెల్లవారి బండి దగ్గరికి వెళ్ళగానే పెట్రోలు వాసన వస్తోందా? నేల మీద తడి మరక ఉందా? మన ఊళ్ళలో నిలిపి ఉంచిన బండి బానెట్ కింద ఎలుకలు కాపురం పెడతాయి. వైర్లతో పాటు ఇంధన గొట్టాలనూ కొరుకుతాయి. వేడెక్కిన ఇంజను మీద పెట్రోలు చుక్క పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. వాసన వస్తే తాళం తిప్పకండి. ఒక్కసారి స్టార్టు చేసి చూద్దాం అనుకోకండి. బండిని అక్కడే ఉంచి మెకానిక్‌ను పిలవండి.

రెండోది పట్టేసిన బ్రేకు. క్యాలిపర్ తుప్పుపట్టో, హ్యాండ్ బ్రేకు పూర్తిగా వదలకో ఒక చక్రం ఎప్పుడూ కాస్త బిగిసే ఉంటుంది. ఇంజను లాగుతుంటుంది, బ్రేకు ఆపుతుంటుంది, మధ్యలో పెట్రోలు కరిగిపోతుంటుంది. కొంత దూరం నడిపి ఆపిన తర్వాత నాలుగు చక్రాల దగ్గరా అరచేయి దూరంగా పెట్టి చూడండి. తాకొద్దు, కాలుతుంది. ఒకటి మాత్రం మిగతావాటి కంటే సెగలు కక్కుతుంటే ఆ బండితో ఘాట్ ఎక్కకూడదు. ఇవి కాక క్లచ్ జారడం, థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోవడం, ఆక్సిజన్ సెన్సరు పాడవడం వంటివి ఉన్నాయి. ఇంజను ఆకారపు పసుపు దీపం వెలుగుతున్నా నెలల తరబడి దానిమీద స్టిక్కరు అంటించి తిరిగేవారూ ఉన్నారు.

డీజిల్ బండి కొన్నవారికి ఒక మాట. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టరు, డీపీఎఫ్ ఉంటుంది. అందులో చేరిన మసిని బండి అప్పుడప్పుడూ అదనపు డీజిల్ పోసి, ఆరువందల డిగ్రీల దాకా వేడెక్కించి కాల్చేసుకుంటుంది. స్కూలు, కూరగాయల మార్కెట్, ఇల్లు అని రోజూ రెండేసి కిలోమీటర్లే తిప్పితే ఆ పని పూర్తి కాదు. మళ్ళీ మళ్ళీ మొదలై డీజిల్ తాగుతుంది. అంతగా వేడెక్కే బండిని ఎండుగడ్డి మీదో, రోడ్డు పక్కన ఆరబోసిన వరిగడ్డి మీదో నిలపొద్దు. ఫిల్టరు పీకేస్తాం, ఇంజను కంప్యూటరు మ్యాపింగ్ మారుస్తాం, మూడు కిలోమీటర్లు పెరుగుతుందని చెప్పే షెడ్లు చాలానే తెరుచుకున్నాయి. అది కొండనాలుకకు మందు వేసే వ్యవహారం. మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి అయిదు వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఆ మసి పోయేది మన వెనక స్కూటర్ మీద వచ్చేవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి.

ట్యాంకులో కలరా ఉండలు వేయడం, పెట్రోలు గొట్టానికి అయస్కాంతం కట్టడం, స్టీరింగు కింద సాకెట్‌లో మిణుకు మిణుకుమనే ప్లగ్గు గుచ్చడం గురించి ఎక్కువ రాయడం దండగ. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి పరికరాలు వందకు పైగా పరీక్షించింది. ఏదో ఒకటీ అరా తప్ప దేనివల్లా ఫలితం కనిపించలేదు, కొన్ని ఇంజనునే పాడుచేశాయి.

ఇంటి వంటగ్యాస్‌ను బండిలోకి ఎక్కించడం మాత్రం నవ్వి వదిలేసే విషయం కాదు. అది చట్టరీత్యా నేరం. గాలి కంటే బరువైన ఆ గ్యాసు లీకైతే పైకి పోదు. డిక్కీలో, సీట్ల కింద, నేల మీద పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. సీఎన్‌జీ కిట్టు ఉన్నవారు సిలిండరుకు మూడేళ్ళకోసారి జరగాల్సిన ఒత్తిడి పరీక్ష అయిందో లేదో ఫలకం మీద తేదీ చూసుకోండి. గడువు దాటితే గ్యాసు నింపించొద్దు, నింపమని బంకువాళ్ళను బతిమాలొద్దు.

మైలేజీ కొలవడానికి డ్యాష్‌బోర్డు అంకెను నమ్ముకోనక్కర్లేదు. ఒకే బంకులో, పంపు తనంతట తాను కట్ అయ్యే దాకా కొట్టించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, మళ్ళీ అక్కడే అలాగే నింపితే నిజం తెలుస్తుంది. కట్ అయ్యాక ఇంకాస్త పోయమని అడగొద్దు. ఆ అదనం పెట్రోలు ఆవిరిని పట్టే డబ్బాలోకి చేరి దాన్ని పాడుచేస్తుంది. కొలత మీద అనుమానం ఉంటే అయిదు లీటర్ల కొలపాత్రతో పోసి చూపించమని అడిగే హక్కు మీకుంది.

చివరిగా ఒక నిలదీత, ఇది బండి నడిపేవారికి కాదు. పెట్రోలు బంకుల్లో ఉచితంగా గాలి పెట్టాలన్నది చమురు కంపెనీల నిబంధనే. ఎన్ని బంకుల్లో ఆ యంత్రం పనిచేస్తోంది? హైవే మీద ఎక్కడ ఆగినా దాని మీద గోనెసంచి కప్పి ఉంటుంది, లేదా కుర్రాడు భోజనానికి వెళ్ళి ఉంటాడు. పనిచేసేచోట కూడా గేజీ సరిగ్గా చూపిస్తోందో లేదో తనిఖీ చేసిన ఆనవాలు ఉండదు. లీటరుకు అన్నేసి పన్నులు కట్టే జనానికి ఈ ఒక్క సేవా సరిగా అందకపోతే కంపెనీలు, పౌరసరఫరాల శాఖ, తూనికలు కొలతల శాఖ జవాబు చెప్పాలి. విజయవాడ, తిరుపతి, శ్రీశైలం దారుల్లోని బంకులన్నిట్లో ఈ వారంలోనే తనిఖీలు మొదలుపెట్టాలి. గాలి లేదంటే ఊరికే వెళ్ళిపోకండి. బంకులో ఫిర్యాదు పుస్తకం ఉంటుంది, అడిగి తీసుకుని రాయండి, తేదీ, సమయం వేసి.